నాయిన చదివిన నాటకాలు

మా నాయిన మేస్త్రి. నల్గొండ దగ్గరి పల్లె నుంచి సరూర్‌నగర్ వచ్చి స్థిరపడ్డాడు. వనస్థలిపురంలో కొత్త కాలనీలు లేస్తున్న రోజుల్లో అక్కడ ఇళ్లు కట్టించేవాడు. నేను డిగ్రీ చదువుతుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు చాలావరకు కోలుకున్నాయి గానీ మాట తిరిగి రాలేదు. నీళ్లు అడగబోయి ‘కిటికీ’ అనేవాడు. తప్పు మాట అన్నానని ఆయనకు తెలిసేది, సరైన మాట మాత్రం దొరికేది కాదు. కోపంతో గ్లాసు విసిరేవాడు.

రోజూ పైకి చదివించమని దవాఖానలో చెప్పారు. పేపరు ఇస్తే పక్కకు తోసేశాడు. ఒకటో తరగతి వాచకం తెస్తే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇక ఆయన్ని సతాయించొద్దని అమ్మ అంది. వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద లైబ్రరీ ఉండేది. లైబ్రేరియన్ గుంటూరు వైపు ఆవిడ. పెద్ద అక్షరాల పుస్తకం కావాలని అడిగి, సంగతంతా చెప్పాను. బాగున్నప్పుడు ఆయన ఎక్కువగా ఏం మాట్లాడేవాడని ఆవిడ అడిగింది.

“పొద్దంత పనోళ్లతోని కొట్లాడెటోడు మేడం.”

ఆవిడ కాసేపు వెతికి ఒక నాటకం తెచ్చింది. ఇల్లు కట్టడం దగ్గర మామా అల్లుళ్లు తగువులాడుకునే కథ.

“మామ మాటలు ఆయన్ని చదవనివ్వమ్మా, అల్లుడివి నువ్వు చదువు. ఎంతసేపు పట్టినా ఆయన మాట నువ్వు అందించకు.”

అందించకుండా ఉండడమే కష్టమైంది. ఒక్కో మాట దగ్గర ఆయన పెదవులు వంకర్లు పోయేవి, మెడ నరాలు ఉబ్బేవి. వంటింట్లోంచి అమ్మ చెప్పబోతే నేను చెయ్యెత్తి ఆపేదాన్ని. పుస్తకం అయిపోగానే మరోటి తెచ్చేదాన్ని. జబ్బులూ చావులూ లేకుండా చూసి, మాటలు పొట్టిగా ఉన్నవాటిని లైబ్రరీ ఆవిడ ముందే చదివి తీసిపెట్టేది.

వానాకాలంలో ఆ మొదటి నాటకాన్నే మళ్లీ తెచ్చాను. గోడ పడగొట్టించమని అల్లుడి మాట చదివాను. దానికి మామ జవాబు, ‘నాకు చెప్పడానికి నువ్వెవరయ్యా?’ అని. నాయిన పేజీ వైపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

“నాకు జెప్పెటోనివి... నువ్వెవనివిరా?”

అది పుస్తకంలో ఉన్న మాట కాదు, ఆయన సొంత మాట. అమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను ఆపకుండా అల్లుడి తర్వాతి మాట చదివాను. ఆయన దానికీ జవాబు చెప్పాడు.

అన్ని మాటలూ తిరిగి రాలేదు. మనుషుల పేర్లు చివరిదాకా ఆయనకు చిక్కలేదు. కానీ ఎండాకాలానికల్లా అల్మాస్‌గూడలో ఒక ఇంటి పని ఒప్పుకున్నాడు. కుర్చీ వేసుకుని కూర్చుని పని చెప్పేవాడు. మాట తట్టక ఆగినప్పుడు ఎవరైనా అందించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

“ఆగు. నేనే జెప్త.”

పనివాళ్లు తాపీలు పట్టుకుని ఆగేవారు.