మామ్లే పచ్చపూసల ధర

మామ్లేను చూసిన మొదటిరోజే దొంగ అనుకున్నాను. వస్తువు ఎత్తుకుపోయే దొంగ కాదు, ధర ఎత్తుకుపోయే దొంగ. అగొమాన్యా సంతలో నలభై ఏళ్లుగా పూసలు అమ్ముతున్నాను, ఆ రెండో రకాన్నే ఎక్కువ చూశాను. అందుకే మా వరసలో ఎవరమూ ధర పైకి చెప్పం. కొనేవాళ్లను దగ్గరికి పిలిచి చెవిలో చెబుతాం.

మామ్లే నార్టే అన్నకూతురు. మా ఊళ్లో అందరికంటే పెద్ద పూసల బట్టీ నార్టేది. తండ్రి పోయాక మామ్లే పదిహేనేళ్లు ఆ బట్టీ దగ్గర సీసాలు దంచి పొడి చేసింది. బాబాయి తిండి పెట్టాడు, పండగకు గుడ్డ పెట్టాడు, చేతిలో మాత్రం ఎన్నడూ ఏమీ పెట్టలేదు. నలభయ్యో ఏట ఆమె ఇంటి వెనక పుట్టమట్టితో చిన్న బట్టీ సొంతంగా కట్టుకుంది. మూడు నెలలు కాల్చి, ముప్పై దండలు గుచ్చుకుని ఒక బుధవారం సంతకు వచ్చింది. అవి మంచి ధరకు పోతే మళ్లీ కట్టెలకూ గాజుపెంకులకూ దారి దొరుకుతుంది. లేదంటే వెనక్కి వెళ్లి నార్టే రోకలి పట్టుకోవాలి.

ఈ సంగతంతా ఊరికి తెలుసు, నాకూ తెలుసు. అయినా నమ్మలేదు. నా ధరలు లాగడానికి బాబాయే ఈ కథ అల్లి పంపాడనుకున్నాను. లేకపోతే సంతలో అంత ఖాళీ ఉండగా తిన్నగా వచ్చి నా బల్ల చివరే ఎందుకు కూర్చుంటుంది?

కాసేపటికి గొంతు తగ్గించి అడగనే అడిగింది. "అత్తా, ఇలాంటి దండకు ఎంత చెప్పాలి?"

చేతిలోకి తీసుకుని చూశాను. బీరుసీసాల పచ్చగాజు. ఒకసారి కాల్చి, పూసపూసకూ తెల్లగీతలు దిద్ది, మళ్లీ కాల్చింది. బెజ్జం కోసం అచ్చులో నిలబెట్టిన కర్రపెండలం కాడ వంకర పోకుండా నిటారుగా కాలిందేమో, బెజ్జాల్లో దారం ఎక్కడా తట్టుకోకుండా జారుతోంది. పని బాగుంది. బాగుండడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. సీసాలు దంచే మనిషికి ఈ పని ఎక్కడిది? ఇవి నార్టే బట్టీ పూసలే అని తేల్చుకున్నాను.

అలాంటి దండ నేను ఎనభై సేడీలకు తక్కువ ఇవ్వను. నలభై అని చెప్పాను. పోయి బాబాయికి చెప్పుకో, వాడు నలభైకే అమ్ముకుని మునిగిపోనీ అని నా లెక్క.

మామ్లే తల ఊపింది. ఆమె లెక్క ఆమెకు ఉంది. పాతవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కువ ధర చెప్పి, సరుకు కదలకుండా చేసి తరిమేస్తారని ఆమె విని ఉంది. అందుకని నేను చెప్పిన దాన్ని సగం చేసి, ఇరవై అనుకుంది. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది.

ఎండ నెత్తికెక్కే వేళకు నార్టే వచ్చాడు. కొనడానికి కాదు. ఎదురుగా మొక్కజొన్న కెంకే ముద్దలు అమ్మే బల్ల దగ్గర నిలబడి, తింటూ ఈమెనే చూస్తున్నాడు. వేళ్లు నాక్కుని నింపాదిగా అన్నాడు. "మామ్లే, నీ రోకలి గోడకే ఆనించి ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

మామ్లే తల ఎత్తలేదు. దండల మీది చేతులు మాత్రం బల్ల కిందికి దాచుకుంది. దాచుకునేటప్పుడు చూశాను, వేళ్లనిండా గాజు గీసిన పాత గాట్లు. గోళ్ల మూలల్లో తెల్లగీతల రంగు ఇంకా ఉంది. నార్టే బట్టీలో గీతలు దిద్దేది కొడుకులే, ఆడవాళ్లను ఆ పనికి రానివ్వడు. పైగా తను పంపిన మనిషైతే, సంతకు వచ్చి ఇలా ఎగతాళి చేస్తాడా? ఈమె నిజంగా తన పూసలే అమ్ముకుంటోంది, నేనేమో నలభై చెప్పాను.

సరిగ్గా అప్పుడే అక్రా పట్నం నుంచి ఒకావిడ వచ్చింది. చేతిసంచీ ఖరీదైనది, చెప్పులు మాత్రం అరిగినవి. అలాంటివాళ్లతో జాగ్రత్తగా ఉండాలి. మామ్లే దండల్లో ఒకటి తీసి, బెజ్జాలు వెలుతురుకు పెట్టి చూసి ధర అడిగింది. మామ్లే చెవిలో చెప్పింది. ఆవిడ పెదవి కూడా విరవకుండా "ముప్పై దండలూ కట్టు" అంది.

బేరమాడకుండా కొనేవాళ్లను నేను జన్మలో నమ్మను. నలభై చెప్పినా ముప్పైకి అడుగుతారు కదా. ఈ పిచ్చిది ఎంత చెప్పి ఉంటుంది?

ఇంకొకరి బేరంలో నోరు పెడితే మా సంతలో తప్పు. నాకంటే బాగా ఎవరికి తెలుసు, ఆ తప్పుకు నేనే ఇద్దరిచేత జరిమానా కట్టించాను. అయినా లేచి దండలమీద చెయ్యి వేశాను.

"అవి నావమ్మా. ఈ పిల్లను కాస్త చూస్తుండమన్నాను, ధర తెలియక ఏదో చెప్పి ఉంటుంది. దండ తొంభై."

మామ్లే ఉలిక్కిపడి నావైపు చూసింది. అక్రా ఆవిడకు మాత్రం వెంటనే బేరమాడడం వచ్చేసింది. యాభై అంది. గాజు పలచన అంది, బరువు లేదంది, కోఫోరిడువా సంతలో ఇంకా చవక అంది. చివరకు డెబ్బై అయిదుకు పది దండలు తీసుకుని, సణుక్కుంటూ పోయింది.

నోట్లన్నీ మామ్లే ఒళ్లో పెట్టాను. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. ఒక్కో నోటునూ వెలుతురుకు పెట్టి చూసింది. ఎదురుగా నార్టే చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

"ఇందులో నీకేం లాభం?" అని అడిగింది మామ్లే.

"ఏం లేదు."

"లాభం లేకుండా నావి నీవని ఎందుకన్నావు?"

నేను నా దండలు సర్దుకోవడంలో పడ్డాను. ఆమె తిన్నగా వెళ్లి బజారు పెద్దమ్మ కోర్లే దగ్గర ఫిర్యాదు చేసింది, "ఈ అత్త నా సరుకును తనదంది" అని. వరసంతా మూగింది. కోర్లే ముందే మామ్లే తన నలభై, ఇరవై కథంతా చెప్పుకొచ్చింది. "నలభై అని ఈ అత్తే చెప్పింది. అదీ ఎక్కువే చెప్పి ఉంటుందనుకున్నాను" అంది. కోర్లే నావైపు తిరిగి, "దేదే, నిజంగా నలభైయేనా నీ ధర?" అని అడిగింది.

నలభై అబద్ధమని ఒప్పుకుంటే, అది సరిదిద్దడానికే లేచానని తెలిసేది, తప్పు తగ్గేది. వరసంతా నా నోటివంకే చూస్తోంది. నా ధర ఎంతో విందామని వాళ్ల ఆత్రం. "నా ధర నా ఇష్టం" అన్నాను. కోర్లే రెండు సీసాల జిన్ జరిమానా వేసింది. కట్టాను. వరసతోపాటు మామ్లే కూడా అందులో ఒక గుక్క తాగింది.

ఆ పది దండల డబ్బుతో ఆమె కట్టెలు కొంది, నీలం సీసాలు కూడా కొంది. నార్టే రోకలి ఇప్పుడు నార్టే కోడలు పడుతోంది. మామ్లే నా పక్క బల్లే అద్దెకు తీసుకుని అయిదేళ్లయింది. ఆ రోజు తర్వాత నన్ను ఏ ధరా అడగలేదు. నేను కొనేవాళ్ల చెవిలో చెబుతుంటే మాత్రం దండ సర్దుకునే నెపంతో ఇటు వంగుతుంది. నేను గొంతు ఇంకా తగ్గిస్తాను.

మంచినీళ్లకు వెళ్లేటప్పుడు "అత్తా, కాస్త చూస్తుండు" అని బల్ల నాకే అప్పగిస్తుంది. తిరిగి వచ్చి, నా ముందే దండలన్నీ లెక్కపెట్టుకుంటుంది. నేనైనా అంతే చేస్తాను.