వసంతక్క వెతికిన పాత తీర్పు

నిన్న పొద్దున కుక్కర్ ఆపి ఫోన్ చూశాను.

వసంతక్క లేదు.

మళ్లీ చదివాను. హార్ట్ ఎటాక్ అట. మొన్న సాయంత్రమే లిఫ్ట్ దగ్గర మాట్లాడుకున్నాం.

దుబాయ్ నైఫ్‌లో మా పై ఫ్లోర్ తనది. కరీంనగర్ మనిషి. ఇంట్లోనే కూర్చుని అమెరికాలోని ఓ లాయర్ ఆఫీసుకు పాత తీర్పులు వెతికిపెట్టేది. అదేం పనో తెలుసుకోవాలని నాకు ఒకటే కుతూహలం.

ఒకసారి ఓ కేసు చెప్పింది. అక్కడి జైల్లో ఒక ఖైదీ వీల్‌చైర్‌ను ఆఫీసర్ లాగేసుకున్నాడు. ఆ మనిషి నేల మీద పాకాడు. తర్వాత అక్క పనిచేసే ఆఫీసు ద్వారానే నష్టపరిహారం కోసం ఆఫీసర్ మీద కేసు వేశాడు.

కానీ అక్కడి ఉద్యోగులకు క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అని ఒక రక్షణ ఉందట. దాదాపు అలాంటి పనే తప్పని ఏదో కోర్టు ముందే చెప్పి ఉండాలి. లేకపోతే కేసు మొదట్లోనే ఆగిపోతుంది.

అక్క వెతగ్గా వెతగ్గా ఒక తీర్పు దొరికింది. అందులో లాక్కున్నది ఊతకర్ర.

"ఊతకర్ర వేరు, వీల్‌చైర్ వేరు అంటుండ్రు ఆఫీసర్ దిక్కు వకీళ్లు."

నాకు మా చిన్నది గుర్తొచ్చింది. హాల్ గోడ మీద పెన్సిల్‌తో గీయొద్దంటే, బెడ్‌రూమ్ గోడ మీద క్రేయాన్స్‌తో గీసింది. "ఇది వద్దనలేదుగా మమ్మీ" అంది.

అక్క పడీపడీ నవ్వింది. "నీ బిడ్డను గా ఆఫీసరే వకీలుగ పెట్టుకుంటడు పిల్లా!"

"అందరికీ పాత తీర్పు కావాలంటే, మొట్టమొదటివాడి గతేంటక్కా?"

నవ్వు ఆపింది. "మంచిగ అడిగినవ్. ఆఫీసర్‌ను ఇడిసిపెట్టినా, చేసింది తప్పని కోర్టు రాయొచ్చు. రాయకుండ దాటెయ్యొచ్చు గూడ. రాస్తే ఎనక వచ్చేటోళ్లకు దారి."

తప్పన్న ఆ ఒక్క మాటైనా రాయమని కోర్టును అడగండని తమ లాయర్ వెంటపడింది.

తీర్పు వచ్చిన రోజు సర్వపిండి పట్టుకుని కిందికి దిగింది.

"గెలిచారా?"

"ఓడినం."

"మరి సర్వపిండి ఎందుకు?"

"తప్పని రాసిండ్రు పిల్లా. ఇగ అక్కడ ఎవడూ నాకు తెల్వదనరాదు."

"పాకినాయనకు ఏం దక్కింది?"

"ఏం లేదు. గదే బాధ."

మొన్న లిఫ్ట్ దగ్గర ఆమె ముఖం వెలిగిపోతోంది. అదే కోర్టు పరిధిలో ఇంకో జైల్లో ఒకామె వాకర్ లాక్కున్నారట. "ఆమె వకీళ్లు మన తీర్పే పెట్టిండ్రు. గీసారి ఆఫీసర్ తప్పించుకుంటడా? చూద్దాం."

లిఫ్ట్ వచ్చింది. "ఖలాస్, రేపు మాట్లాడుదాం" అంటూ ఎక్కేసింది.

వాకర్ కూడా వీల్‌చైర్ లాంటిదేనని కోర్టు అంటుందా అక్కా? ఇప్పుడు ఎవర్ని అడగను?

ఆ తీర్పు ఎప్పుడొస్తే అప్పుడు వెతికి చదువుతాను. ఆ వాకర్ ఆమె కేసు నిలిస్తే, ఆ రోజు సర్వపిండి నా వంతు.

వెళ్లిరా వసంతక్కా. ఇక వెతికింది చాలు. నీ ప్రాణం చల్లగా, నిశ్చింతగా ఉండాలి.