నాలుగో పిలుపు

మా ఊరి కోర్టు ఆదెప్పకు పిచ్చి పట్టిందని అందరూ అంటున్నారు గానీ, అది నిజం కాదు. రిటైరైన బంట్రోతు ఆయన. ఇప్పటికీ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, గేటు ఎదుట టీ బంకు బెంచీ మీద కూర్చుంటాడు. లోపల కొత్త బంట్రోతు వాయిదాకొచ్చిన వాళ్ల పేరు మూడుసార్లు పిలిచి ఊరుకోగానే, ఈయన లేచి అదే పేరు నాలుగోసారి పిలుస్తాడు. హిందూపురం బస్సెక్కేవాళ్లు కూడా తిరిగి చూస్తారు. "ఆదెప్పన్నా, గమ్మునుండేదానికే గదా నీకు పింఛనిచ్చేది!" అని టీ పోసే రామక్క ఎగతాళి చేస్తుంది. ఆయన నవ్వడు.

సర్వీసులో ఉండగా ఒక మధ్యాహ్నం, ధర్మవరంలో మగ్గం నేసే చౌడమ్మ ఇంటి దావా వచ్చింది. ఆమె లాయరు ఆ రోజు రాలేదు. పొద్దుటి నుంచి వరండాలోనే ఉన్న చౌడమ్మ నీళ్లు తాగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. వెళ్లడం ఆదెప్ప చూశాడు. కానీ ఆకలి మీదున్నాడు, గుమ్మం దాటకుండానే గొణిగినట్టు మూడుసార్లు పిలిచేశాడు. ఆమె రాలేదని తీర్పు ఎదుటివాళ్ల వైపు వెళ్లిపోయింది. ఇల్లు పోయింది, మగ్గం వీధిలో పడింది.

"నన్ను పిల్చనే లేదు కదన్నా?" అని ఆమె ఏడిస్తే, "పిలిస్తి కదమ్మా, మూడుసార్లు" అన్నాడు. అది అబద్ధం కాదు. అదే ఆయన్ను తినేస్తోంది.

వాయిదాకు మా ఊరొస్తే, ఆ నాలుగో పిలుపు కోసం కాస్త చెవి పెట్టండి. వినబడకపోతే బంకు వెనక రేకుల ఇల్లే ఆయనది. తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవండి. మూడుసార్లతో ఆపకండి, పలికేదాకా పిలవండి.