సుగుణ స్క్రిప్టులో నా పేరు

“పొయ్యేటప్పుడు స్విచ్చి ఆపినావా లేదా, అది చెప్పు కుప్పమ్మక్కా.”

“ఆపలేదమ్మా. ఆపింటే ఆపినాననే చెప్తాను. నాకేం భయమా?”

“మరి దానంతట అదే యెట్ల నిలిచిపోతాది? దాన్ని సర్వీసుగా పెట్టినాను. అది నిలవదు.”

“నిలిచిపోతా ఉండాది కదా. నీ చదువు ఒకటి చెప్తాది, నా కండ్లు ఇంకొకటి చెప్తాయి. దేన్ని నమ్మాల?”

మొన్న బ్యాంకులో పాసుబుక్కు వరుసలో నిలబడి ఉంటే, లోపల ప్రింటరు గరగరమన్న చప్పుడుకు ఈ మాటలు మళ్ళీ చెవిలో పడ్డాయి. పక్కనున్న మనవరాలు ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. నేను ఊరికే నవ్వే మనిషిని కాను, అందుకే అడిగింది. వరుస కదిలేలోగా చెప్పి ముగించే సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

గుడియాత్తంలో ఒక లుంగీల కంపెనీ ఆఫీసు. పొద్దున తలుపు తీసి ఊడ్చడం, సాయంత్రం అందరూ పోయాక తాళం వేయడం నా పని. బడి నాకు మూడో తరగతితో సరి. ఊళ్ళో వీధికొక కంప్యూటరు క్లాసు బోర్డు లేస్తున్న రోజులవి. మా ముదలాళి, అదే మా కంపెనీ యజమాని, కూడా రెండు కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. వేలూరులోని మా దుకాణం రాత్రి మూసే వేళకు అక్కడి ఆర్డర్లన్నీ ఫోను తీగ మీద వాటిలో పెద్ద మిషనుకు వచ్చేవి. తెల్లవారి వాటిని బట్టి నూలు చీటీలు అచ్చు కొట్టేవాళ్ళం. చీటీ చేతికొస్తేనే నేతగాడికి నూలు. రాకపోతే ఆ రోజు మగ్గం నిలిచినట్టే.

ఆర్డర్లు అందుకునే ప్రోగ్రాం జావాలో రాసింది. రాసిన మనిషి సుగుణ. వేలూరులో ఇళ్ళు కట్టే మేస్త్రీ కూతురు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేది. మొదట్లో ఆ ప్రోగ్రాం తెర మీద నల్లటి కిటికీలాగా తెరుచుకొని ఉండేది. దాన్ని ఎవరు మూసినా పని ఆగేది. గుమాస్తా ముత్తు అడ్డంగా ఉందని రెండుసార్లు మూశాడు. అప్పుడు సుగుణ కూర్చుని ఒక స్క్రిప్టు రాసింది. నాలుగైదు వరుసలు కూడా లేవు, ఇదేం మంత్రమమ్మా అని అడిగాను. ఊడ్చే మనిషికి ఎందుకులే అనుకోకుండా చీపురు పక్కన పెట్టించి, కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

“కొత్తగా వచ్చిన పనిమనిషిని ఇంట్లో వొప్పజెప్పినట్టక్కా. పేరు ఇది, జావా యాడుండాది, ప్రోగ్రాం యాడుండాది, మిషను లేస్తానే నువ్వూ లేసి పని చూడు. ఇదంతా రాసి ఒకసారి నడిపిస్తే, విండోస్ తన పనోళ్ళ పట్టీలో దాని పేరు ఎక్కించుకుంటాది. దీన్నే సర్వీసంటారు. ఇంక కిటికీ లేదు. మనం యెవురం లేకపోయినా అది పని చేస్తానే ఉంటాది.”

చీటీలు నేనే అచ్చు కొట్టేలా నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పి, మిషనులో నా పేరుకు ఒక పాస్‌వర్డు పెట్టింది కూడా తనే. పని అయ్యాక లాగాఫ్ చేసి పొమ్మంది. పేరు తెరిచి పెట్టి పోతే వాకిలి తెరిచి పెట్టి పోయినట్టేనట. అంతవరకు నన్ను పని చెయ్యమన్నవాళ్ళే గాని, ఎందుకు చెయ్యాలో చెప్పినవాళ్ళు లేరు. చెప్పింది కాబట్టి ఒక్కనాడూ తప్పలేదు. ముత్తు మాత్రం ఎక్కడిదక్కడ వదిలేసి పోయేవాడు.

సర్వీసు పెట్టిన ఆరు రోజుల్లో నాలుగు పొద్దులు ఆర్డర్లు లేవు. నాలుగూ నేను తాళం వేసిన మరుసటి పొద్దులే. మిషను ఆపి మళ్ళీ లేపితే ప్రోగ్రామూ లేచేది. మధ్యలో చెల్లెలిని చూడ్డానికి ఒడుగత్తూరు పోయి రెండు రోజులు ఉన్నాను. ఆ రెండు రోజులూ ముత్తు తాళం వేశాడు, ఆర్డర్లు చక్కగా వచ్చాయి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నేను ఊరుకోనని ఊరంతటికీ తెలుసు. పట్టపగలు లైటు వేసుకున్నందుకు ముదలాళినే ఒకసారి కసిరాను. కరెంటు మిగులుతుందని నేనే మిషను ఆపి పోతున్నానని ఆయన తేల్చేశాడు. ఉత్త చేతులతో కూర్చున్న నేతగాళ్ళ ముందే, రేపు కూడా ఆర్డర్లు లేకపోతే తాళాల గుత్తి ముత్తుకు ఇచ్చి పొమ్మన్నాడు. నేను లేని రోజే మిషను బాగుంటుందట. పదకొండేళ్ళుగా నా నడుముకు ఉన్న గుత్తి అది.

ఆ మధ్యాహ్నమే సుగుణ బస్సు దిగి వచ్చింది. మొదట రాసిన మాటలు అప్పటివి. తనూ ముదలాళి వైపే మాట్లాడేసరికి నేను ఊరుకోలేదు.

“నేను చేసేది, ముత్తు చేయనిది ఒకటే ఉండాది. నా పేరు మూసి పోతాను. నువ్వు నేర్పిందే. ఆ మిషను కాడ కూర్చో, నేను మూస్తాను, చూడు,” అన్నాను.

సర్వీసుకు ఎవరి పేరుతోనూ పని లేదని గొణుగుతూనే రెండో కంప్యూటరు ముందు కూర్చుని, పెద్ద మిషనులో ప్రోగ్రాం నడుస్తోందా లేదా అని చూసింది. నేను లాగాఫ్ నొక్కాను. ప్రోగ్రాం నిలిచిపోయింది. దాన్ని లేపి, మళ్ళీ చెయ్యమంది. మూడోసారి చేశాక లేచి నా దగ్గరికి వచ్చింది.

“మా నాయన గోడ లేపినాక రసమట్టం పెట్టి చూడనిదే దిగడు. నేను పెట్టి చూడలేదక్కా. నువ్వు చూసినావు.”

మనిషి లాగాఫ్ అయ్యేటప్పుడు విండోస్ అందరికీ వినబడేలా ఒక కేక వేస్తుందట. ఆ కేక విని, తననూ పొమ్మన్నారనుకొని మా ప్రోగ్రాంను నడిపే జావా కూడా లేచి పోతోందట. రేపటి నుంచి లాగాఫ్ చేయొద్దులే అని ఒక్క మాట అంటే సుగుణ పని అయిపోయేది. అనలేదు. ఆ కేకను పట్టించుకోవద్దని జావాకు చెప్పే మూడు అక్షరాలు స్క్రిప్టులో చేర్చింది. పాత సర్వీసును తీయించి, కొత్తది నా చేతే ఎక్కించింది. నేను లాగాఫ్ చేశాను, ప్రోగ్రాం కదలలేదు. ఆ అక్షరాల పైన ఇంకో వరుస కొట్టి, నన్నే కూడబలుక్కొని చదవమంది. ఇది తీసేయవద్దు, లాగాఫ్ చేస్తే ప్రోగ్రాం ఆగుతుందని కనిపెట్టింది కుప్పమ్మ, అని ఉంది. ఆ వరుసను మిషను చదవదట. వెనకాల వచ్చే మనుషుల కోసమట.

తరవాత ముదలాళి గదిలోకి పోయి, తప్పు నాది, అక్కది కాదు అని చెప్పింది. వాకిట్లో నిలబడి విన్నాను. ఆయన, పొద్దున చూద్దాం అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో మోటారు స్విచ్చి పక్కన, మాత్రల డబ్బా మూత మీద, నా చేతిరాతతో చీటీలు అంటించి ఉంటాయి. ఏం చెయ్యాలో ఒక వరుస, ఎందుకో ఒక వరుస. కోడలు నవ్వుతుంది, నవ్వనీ. నా వల్ల ఏదైనా తప్పు జరిగితే, ఎవరి ముందు జరిగిందో వాళ్ళ ముందే ఒప్పుకుంటాను. చిన్నవాళ్ళ ముందు ఒప్పుకోవడం కష్టం. అయినా ఒప్పుకుంటాను. అది నాకు సుగుణ పెట్టిన అప్పు కాదు, ఇచ్చిన సొత్తు.

సుగుణ సరిచేసిన మరుసటి పొద్దున నేను తలుపు తీసేసరికి నేతగాళ్ళు మెట్ల మీద ఉన్నారు. మిషనులో నా పేరు కొట్టాను. వేలూరు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. చీటీలు అచ్చు కొట్టి బల్ల మీద పెట్టాను. ముదలాళి వచ్చాడు, చీటీలు చూశాడు, మొదటి నేతగాడిని పేరు పెట్టి పిలిచాడు. గుత్తి నడుముకు దోపుకొని చీపురు తీసుకున్నాను.