మా బావ వల సూది ఇచ్చేసిన రోజు

మా బావ, అంటే మా మేనమామ కొడుకు, ఎస్సెల్సీ రెండోసారి తప్పినప్పుడు ఆ కబురు మా జాలరి పల్లె, కుప్పమంతా తిరిగి తానే చెప్పాడు. హెడ్మాస్టరు గొంతు, అది విని కూలబడిన తన తండ్రి వాలకం అన్నీ చేసి చూపించాడు. పులికాట్ ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో, మాకిద్దరికీ పద్దెనిమిదేళ్లప్పటి మాట ఇది. వాడు పక్కనుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

మాలో ఎవరి వల సూది వారిదే. వెదురుతో ఎవరికి వారు చెక్కుకుంటారు. చేయి మారితే వల కన్నుల కొలత మారుతుందని, అన్నదమ్ములు కూడా ఒకరి సూది ఇంకొకరు ముట్టరు. ఇక వల అల్లలేమనుకున్న ముసలివాళ్లే దాన్ని మరొకరి చేతిలో పెడతారు. అలాంటిది బావ తన సూది నాకిచ్చాడు. నా వల చూసి చేపలు నవ్వుకుంటున్నాయట, దీంతోనైనా సరిగా అల్లమన్నాడు. నేనొక వెధవను, ఎగిరి గంతేసి తీసుకున్నాను.

మా ఇద్దరికీ అవ్వ ఒకతే, మా అమ్మకూ మామకూ తల్లి. నోరు విప్పితే తిట్లే. ఆమెకు సూదిని గొప్పగా చూపించాను. ఆమె తిట్టలేదు. వాడు ఇంకేమిచ్చాడని అడిగింది. కొత్త చొక్కా తమ్ముడికి ఇచ్చేశాడని, రెండేళ్లుగా మాటల్లేని పక్కింటివాడితో రాజీపడ్డాడని, వాడి మంచితనాన్ని పొగుడుతూ చెప్పుకుపోయాను. అవ్వ చేపల గంప అక్కడే వదిలేసి లేచింది.

బావ పడవ నీడలో కూర్చుని నలుగురిని నవ్విస్తున్నాడు. అవ్వ వాళ్లను తరిమేసి వాడి పక్కన కూర్చుంది.

"ఏరా అబ్బయా, చచ్చిపోదామనుకుంటా ఉండావా?"

నాకు ఒళ్లు మండింది. లేని ఆలోచన పుట్టిస్తోందీ ముసలిది అనుకున్నాను. బావ నవ్వబోయి ఆగిపోయాడు.

"అవునవ్వా. ఎవురూ అడగలా."

అవ్వ ఏడవలేదు, నీతులు చెప్పలేదు. పొద్దు వాలేదాకా వాడు చెప్పిందంతా విన్నది. తర్వాత మామను పిలిపించి విషయం చెప్పింది, నాచేత సూది తిరిగి ఇప్పించింది. ఆ నెలంతా వాడిని ఒంటరిగా వదల్లేదు. పడవలో నేను, ఇంట్లో ఆమె. అన్నం కలిపి పెడుతూ తిట్టేది. నెల తిరిగేసరికి వాడు ఆమె తిట్లనే అచ్చం ఆమె గొంతుతో అభినయించడం మొదలుపెట్టాడు. అవ్వ చీపురు తిరగేసి వెంటపడింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

వాడికిప్పుడు మనవలున్నారు. ఇంకా నవ్విస్తూనే ఉంటాడు. మరీ ఎక్కువ నవ్వించిన రోజు, అవ్వ అడిగినట్టే నేనూ సిగ్గుపడకుండా అడిగేస్తాను. లేదులే బావా అంటాడు. ఒక్కసారి మాత్రం ఆ మాట వెంటనే రాలేదు. ఆ రోజు నేను మా ఇంటికి పోలేదు.