రెండు అని రాసిన నొప్పి

ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా వంటింట్లో, ఫ్రిజ్ తలుపు మీద, మొన్నటి వరకు ఒక పట్టిక ఉండేది. నా భార్య మోకీలు మార్పిడి శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చిన రోజే దానిని స్కేలు పెట్టి గీశాను. మూడు పూటల వ్యాయామాలకు మూడు గడులు. సున్నా నుండి పది వరకు నొప్పిని అంకెలో రాయడానికి ఒక గడి. కార్ల విడిభాగాల కర్మాగారంలో మూడు దశాబ్దాలు నాణ్యత విభాగంలో పనిచేసినవాడిని. అంకెగా రాయనిది నా దృష్టిలో జరిగినట్టే కాదు.

మొదటి రోజు ఆమె "ఎనిమిది" అన్నది.

"ఎనిమిదైతే మనిషి ఇలా కూర్చుని కాఫీ తాగదు. మనసు గట్టిగా ఉంటే ఒళ్ళు మాట వింటుంది. ఆరు వేస్తున్నాను."

"మీ ఇష్టమండీ. మోకాలు నాది గానీ పెన్ను మీది కదా."

మరునాటి నుండి పెన్ను ఆమెకే ఇచ్చాను. అంకెలు ఐదుకు, నాలుగుకు, రెండుకు దిగాయి. వ్యాయామాల గడులన్నీ టిక్కులతో నిండాయి. నేను మెచ్చుకున్నాను. సర్జన్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ అంకెలు చదివి వినిపించాను. వారు నొప్పి మాత్రలు తగ్గించారు. మోకాలు మాత్రం వంగలేదు. ఆరో వారానికి తొంభై డిగ్రీలు వంగకపోతే మత్తు ఇచ్చి బలవంతంగా వంచవలసి రావచ్చని, థెరపీ క్లినిక్‌లో కోణం కొలిచే అమ్మాయి నాలుగో వారంలో హెచ్చరించింది. నేను నా పట్టికను నమ్మి, ఆ అమ్మాయి కొలతను అనుమానించాను.

ఆ రోజుల్లోనే, లైబ్రరీలో జరిగే మా విశ్రాంత తెలుగువారి సమావేశానికి ఒక ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ సైన్యాన్ని ఆ దేశపు నియంత నమ్మిన సిద్ధాంతమే ఎలా దెబ్బతీసిందన్నది విషయం. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర భార్యకు చదివి వినిపించాను. ఆమె ఆపరేషనైన కాలిని ఎదుటి కుర్చీ మీద చాపుకుని విన్నది.

తన జాతి సంకల్పబలం ముందు మంచు, దూరం, ఇంధనపు కొరత లెక్కలోకి రావని ఆ నియంత నమ్మాడు. చలికాలానికి ముందే గెలుస్తామన్న ధీమాతో, రష్యాకు పంపిన సైన్యానికి చాలినన్ని చలిబట్టలు సమకూర్చలేదు. జాతి పేరిట తరిమివేసిన శాస్త్రవేత్తలలో కొందరు శత్రువుల ప్రయోగశాలల్లో చేరారు. వెనక్కి తగ్గుదామన్న సేనానులను తొలగించాడు. ఒక సైన్యం శత్రువుల ముట్టడిలో చిక్కినప్పుడు, విమానాలతో సరుకులన్నీ అందించగలమన్న వారి మాటే అతని చెవికెక్కింది. సరుకులు చాలలేదు, ఆ సైన్యం మిగలలేదు.

"కుదరదని ఒక్కళ్ళూ చెప్పలేదా?" అని ఆమె అడిగింది.

"చెప్పారు. పిరికివాళ్ళన్నాడు. ఇక మిగిలినవాళ్ళు అతనికి నచ్చే అంకెలే పంపారు."

"అంతేలెండి. రోజూ తిట్లు తినే ఓపిక ఎవరికుంటుంది?"

ఆమె ఫ్రిజ్ వైపు చూసింది. నేనూ చూశాను. పదకొండు రోజులుగా నొప్పి గడిలో రెండు తప్ప మరో అంకె లేదు. కర్మాగారంలో ఎవరైనా ఇలాంటి పట్టిక తెచ్చి ఉంటే, కొలవకుండా రాశారని చూడగానే పట్టుకునేవాడిని.

"ఇవాళ నొప్పి ఎంత?"

"రాశాగా."

"రాసింది కాదు."

ఆమె చెప్పింది. "ఎనిమిది. టాబ్లెట్లు తగ్గించాక తొమ్మిది కూడా ఉంటోంది. వంచడం మానేసి పది రోజులైంది. మీరు గరాజ్‌లోకి వెళ్ళగానే టిక్ పెట్టేసేదాన్ని. దానికి మోకాలు వంచక్కర్లేదు కదండీ."

నాతో ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. జవాబు నా ప్రసంగంలోనే, నా చేతిరాతలోనే ఉంది.

వెంటనే సర్జన్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంతవరకు నేను చెప్పినవి తప్పుడు అంకెలని, అవి తప్పడానికి కారణం నేనేనని చెప్పి, ఫోన్ ఆమెకు ఇచ్చాను. మాత్రలు మార్చారు. పట్టికను తీసేశాను.

మరునాడు ప్రసంగం యథాతథంగా చదివాను. "భలే చెప్పారండీ" అని చప్పట్లు కొట్టారు. ఆమె మొదటి వరుసలోనే కూర్చుంది. మా ఫ్రిజ్ సంగతి అక్కడ నేను చెప్పలేదు. ఆమె కూడా ఎవరితోనూ అనలేదు. ఆ మౌనానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఇది రాయడానికి కారణం అదే.

ఆరో వారానికి కోణం ఎనభై ఒకటి దాటలేదు. పోగొట్టుకున్న పది రోజులు తిరిగి రాలేదు. మత్తు ఇచ్చి వంచే రోజు ఉదయం ఆసుపత్రిలో ఒక ఫారం ఇచ్చారు. నొప్పి ఎంతో రాయమని అందులో ఒక గడి. ఆమె అలవాటుగా నా ముఖంలోకి చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినబడింది. ఏ అంకె వేసిందో నేను చూడలేదు.