బావ గ్లాసు, నా మాత్రలు

పోయినవి ముందు చెబుతాను. ఒంట్లో ఆరు కిలోలు. బెల్టుకు రెండు రంధ్రాలు. తొంభై మూడు పొద్దుల ఉగ్గాని బజ్జీ. మళ్లీ మొదటి నుంచి మింగిన పద్నాలుగు రోజుల మందు. మొదటి మూడూ జబ్బు వల్ల పోయాయి. చివరిది మా బావ వల్ల.

నాకు లివర్‌లో బి వైరస్ ఉంది. దానికి రోజూ ఒక మాత్ర, ఏడేళ్లుగా ఒక్కటీ తప్పలేదు. దానికి తోడు కడుపులో మంట మొదలైతే ప్రొద్దుటూరు డాక్టరు గొట్టం వేసి చూసి, పుండు ఉంది, బాక్టీరియా వల్ల వచ్చిందన్నాడు. లివర్ తట్టుకుంటుందో లేదో రక్తపరీక్షలు చేయించి, అప్పుడు మందు రాశాడు. పూటకు నాలుగు మాత్రలు, రోజుకు రెండు పూటలు, పద్నాలుగు రోజులు. మొత్తం నూట పన్నెండు.

"ఒక్క పూట తప్పినా ఆ బాక్టీరియా చావదు, మందుకు అలవాటు పడుతుంది. లివర్ మాత్ర ఆపొద్దు. నన్నడక్కుండా జ్వరం మాత్ర కూడా వేసుకోవద్దు" అన్నాడు.

మూడో రోజు మా ఆవిడ అన్న పులివెందుల నుంచి మా జమ్మలమడుగులో ఆఫీసు పని మీద వచ్చి మా ఇంట్లో దిగాడు. సంచిలో తన స్టీలు గ్లాసు తెచ్చుకున్నాడు. నా వైరస్ గ్లాసుల వల్ల అంటదని నాలుగుసార్లు చెప్పాను.

"నీది లివర్ రోగం బావా. మన జాగ్రత్తలో మనముండాల."

మధ్యాహ్నం కోడికూర, సంగటి తిన్నాక ఆయనకు గుండెల్లో మంట పుట్టింది.

"నీ కడుపు మాత్రలు పని చేస్తాండాయా?"

"చేస్తాండాయి."

"అయితే నాకూ నాలుగియ్యి."

"లెక్కపెట్టి ఇచ్చినారు బావా."

"సూడమ్మా," అని చెల్లెలిని పిలిచాడు. "కోడిని కోసినోడు మాత్ర ఇయ్యడానికి ఏడుస్తాండాడు!"

మా ఇళ్లల్లో చుట్టం మాత్ర అడిగితే లేదనరు. ఇచ్చాను. రెండు రోజుల్లో పదహారు మింగాడు, తన గ్లాసులో నీళ్లతో. పోతూ, "కొని బస్సులో పంపిస్తాలే" అన్నాడు.

వచ్చేవాటిని మళ్లీ కొనడం ఎందుకని ఆగాను. పన్నెండో రోజుతో నావి అయిపోయాయి. పదమూడో రోజు సాయంత్రం డ్రైవరు పొట్లం ఇచ్చాడు. సరిగ్గా పదహారు, అన్నీ జ్వరం మాత్రలే. ఫోన్ చేశాను.

"పదహారు ఉండాయా, లేదా?"

"ఉండాయి బావా, కానీ..."

"మరింకేంది? జ్వరమొచ్చినప్పుడు ఏస్కో."

నూట పన్నెండులో తొంభై ఆరు మింగాను. నూటికి ఎనభై ఐదు, ఫస్ట్ క్లాసే కదా అని ఊరుకున్నాను.

నెల దాటాక డాక్టరు బాక్టీరియా చచ్చిందో లేదో ఊపిరిలో చూడడానికి ఒక సంచిలోకి ఊదించాడు. బాక్టీరియా బతికే ఉంది. అన్నీ మింగారా అని అడిగితే మింగానన్నాను. ఆయన అనుమానం నా లివర్ మీదికి పోయింది. మళ్లీ రక్తపరీక్షలు. అందులో లివర్ తప్పేమీ లేదు. అప్పుడు నిజం చెప్పాను.

"మీ బావకు ఈ జబ్బుందా?"

"తెలీదు సార్. గ్లాసు మాత్రం తెచ్చుకుంటాడు."

మందులు మార్చి మరో పద్నాలుగు రోజులకు రాశాడు. "ఇది కూడా పాడు చేసుకుంటే మిగిలిన మందులు తక్కువ" అన్నాడు. వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. తొమ్మిదో రోజు బావ మళ్లీ వచ్చాడు.

"ఈసారి రంగు మాత్రలా? ఒకటి సూస్తా ఇయ్యి."

"ఇయ్యను బావా."

కోపంతో మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు, గ్లాసు మరిచిపోయి. మాత్రలన్నీ మింగి, నెల దాటాక రెండోసారి ఊదితే సంచిలో ఏమీ లేదు. కడుపు నయమైంది.

గ్లాసు మా అలమరలోనే ఉంది. ఎప్పుడు ఫోన్ చేసినా బావ తన బాకీ తీరిపోయిందంటాడు. జ్వరం మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వలేదు. నా లెక్కలో కడుపు మాత్రలు ఇంకా పదహారు రావాలి.